చెట్టుకు మొక్కితే మంత్రగత్తె అవుతుందా? బొల్లాపల్లి అడవి అంచున పంచభూతాల పూజ, చేతబడి అపవాదు.. అసలు తేడా ఏంటి?

బొల్లాపల్లి (పల్నాడు జిల్లా): ఓ కొవ్వొత్తి, గిన్నెడు నీళ్లు, గుప్పెడు మట్టి, కాస్త సాంబ్రాణి పొగ. వీటి ముందు కళ్లు మూసుకుని కూర్చుంటే ప్రకృతితో కనెక్ట్ అయిపోతామని చెప్పే రీల్స్ ఈమధ్య తెలుగువాళ్ల ఫోన్లలోనూ తెగ కనిపిస్తున్నాయి. దీనికి ఇంగ్లిష్‌లో ‘గ్రీన్ విచ్‌క్రాఫ్ట్’ అని పేరు. మొక్కలు, నేల, నీరు, నిప్పు, గాలి ఆధారంగా చేసే మంత్రవిద్య అన్నమాట. అమెరికా, బ్రిటన్‌లలో ‘నేనో విచ్‌ని’ అని ప్రొఫైల్‌లో రాసుకోవడం కొందరికి ఫ్యాషన్, ఇంకొందరికి నిజంగానే మతం.

అదే మాటను తెలుగులోకి తెచ్చి, నల్లమల అంచున ఉన్న ఏదో ఊళ్లో ఒంటరిగా ఉంటున్న ఓ పెద్దావిడను చూపించి ‘మంత్రగత్తె’ అన్నారనుకోండి. ఆమె ప్రాణం మీదకే వస్తుంది.

మరి చెట్టుకు మొక్కడం, పసరు పోయడం, వాన కోసం కప్పను ఊరేగించడం.. ఇవి మంత్రవిద్య కిందకు వస్తాయా? చేతబడి అపవాదు వేస్తే చట్టం ఏం చెబుతోంది? ఆ చట్టంలో ఉన్న లోటేంటి? చెంచు గూడేలు, సుగాలి తండాలు, పల్లెలు పక్కపక్కనే ఉన్న బొల్లాపల్లి మండలం వైపు నుంచి ఈ విషయాన్ని చూద్దాం.

భూతం అంటే దెయ్యమేనా?

ముందు ఓ మాట సంగతి తేల్చుకోవాలి. తెలుగులో ‘పంచభూతాలు’ అంటే నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. ‘భూతవైద్యుడు’ అంటే దెయ్యం వదిలించేవాడు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే మాట. సంస్కృతంలో ‘భూ’ అంటే ఉండటం, అవ్వడం. ఉన్నది ఏదైనా భూతమే. అందుకే జరిగిపోయిన కాలం భూతకాలం అయింది, చనిపోయి తిరుగుతుందని నమ్మేది కూడా భూతమే అయింది. ప్రకృతిని కొలవడం ఎక్కడ ఆగుతుంది, దెయ్యాల భయం ఎక్కడ మొదలవుతుంది అనే గందరగోళం మన భాషలోనే ఉంది మరి!

పంచభూతాలను దేవుడిగా కొలవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. శ్రీకాళహస్తిలో ఉన్నది వాయులింగం. కంచిలో పృథ్వీలింగం, జంబుకేశ్వరంలో జలలింగం, అరుణాచలంలో అగ్నిలింగం, చిదంబరంలో ఆకాశలింగం అని శైవులు కొలుస్తారు. ఈ అయిదు గుళ్లకూ బస్సులు వేసుకుని మరీ వెళ్లొస్తారు. దాన్ని ఎవరూ మంత్రవిద్య అనరు. కానీ అదే నమస్కారం ఊరి బయట ఓ రాయికో, వేపచెట్టుకో పెడితే, పెట్టిన మనిషి ఎవరన్నదాన్ని బట్టి మాట మారిపోతుంటుంది.

విదేశాల్లో ఈ ‘విచ్’ ఎక్కడి నుంచి వచ్చింది?

రీల్స్‌లో కనిపించే ఈ పద్ధతికి పాత చరిత్ర ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది మన తాతల కాలం నాటిదే. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లో రద్దు చేశారు. ఆ తర్వాత మూడేళ్లకు, 1954లో, జెరాల్డ్ గార్డ్‌నర్ అనే రిటైర్డ్ ఉద్యోగి ‘విచ్‌క్రాఫ్ట్ టుడే’ అనే పుస్తకం రాశారు. అక్కడి నుంచి ‘విక్కా’ అనే కొత్త మతం పాకింది. నేల, నీరు, నిప్పు, గాలి అనే నాలుగింటికి ఆత్మను కలిపి అయిదుగా లెక్కేస్తారు. ఏడాదిలో ఎనిమిది రుతు పండుగలు చేసుకుంటారు. ఎవరికీ హాని చేయకూడదన్నది వాళ్ల ప్రధాన నియమం. మన దేశంలోనూ ఇప్సితా రాయ్ చక్రవర్తి 1980ల్లోనే కోల్‌కతాలో తాను విక్కా పాటిస్తానని బయటకు చెప్పి అప్పట్లో సంచలనమయ్యారు.

అంతకుముందు ఐరోపాలో ‘విచ్’ అంటే మరణశాసనమే. సుమారుగా 15 నుంచి 18వ శతాబ్దం వరకు అక్కడ 40 వేల నుంచి 60 వేల మందిని మంత్రగత్తెలు, మంత్రగాళ్లు అంటూ చంపేశారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని ఉరితీశారు. ఆ చంపడాలు ఆగిపోయి, చట్టం పోయి, భయం పోయాకే అక్కడ ఆ మాట టీషర్టు మీదకు ఎక్కింది. మన దగ్గర ఆ పరిస్థితి ఇంకా రాలేదు. ఈ తేడా చెప్పకుండా ఆ రీల్స్‌ను తెలుగు డబ్బింగ్‌తో వదిలేస్తే చిక్కే.

బొల్లాపల్లిలో అడవి, మనిషి

2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా నుంచి విడిపోయి పల్నాడు జిల్లా ఏర్పడింది. అందులో వినుకొండ నియోజకవర్గంలో ఉండే మండలం బొల్లాపల్లి. పుల్లలచెరువు, త్రిపురాంతకం వైపు వెళ్లేకొద్దీ మిర్చి, పత్తి చేలు తగ్గుతూ గుట్టలు, అడవి మొదలవుతాయి. నల్లమల తూర్పు అంచు ఇది. ఇటు పల్లెలు, మధ్యలో సుగాలి తండాలు, అడవిని ఆనుకుని చెంచు గూడేలు. బండ్లమోటు కొండల్లో ఒకప్పుడు సీసం గనులూ నడిచాయి. ఒకరికి దేవత ఉండే కొండ, ఇంకొకరికి ఖనిజం ఉండే కొండ!

చెంచులను కేంద్రం ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహాల్లో చేర్చింది. వాళ్ల కోసం శ్రీశైలం పక్కన సున్నిపెంటలో ఐటీడీఏ పనిచేస్తోంది. వేట, దుంపలు, తేనె, బంక మీద బతికిన జాతి. వాళ్ల నమ్మకాల గురించి పద్ధతిగా రాసిన తొలి పెద్ద పుస్తకం ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ది. 1940లో అప్పటి నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ కొండల్లో, అంటే ఇదే నల్లమలకు కృష్ణ అవతలి ఒడ్డున, ఆయన చెంచుల మధ్య తిరిగారు. 1943లో పుస్తకం వచ్చింది.

అందులో ఇద్దరు దేవతలు ముఖ్యంగా కనిపిస్తారు. ఒకరు గారెల మైసమ్మ. అడవికి, అడవిలోని జంతువులకు ఆమె యజమానురాలు. వేటకు వెళ్లేముందు ఆమెను అడగాలి. వేట దొరికితే ముందు చిన్న ముక్క ఆమెకు పెట్టాలి. రెండోది భగవంతరు. ఆకాశంలో ఉంటాడు, ఉరుము, వాన ఆయన చేతిలో పని. గుడి లేదు, పూజారి లేడు, దక్షిణ లేదు. అడిగి తీసుకోవడం, తీసుకున్నదాంట్లో కొంత తిరిగి ఇవ్వడం.. లెక్క అంతే. ఇప్పుడు వేట చట్టరీత్యా నేరం. అయినా మైసమ్మ మొక్కు మాత్రం పోలేదు.

తేనె పట్టడం సంగతి ఇంకా ఆసక్తికరం. కొండ చరియకు వేలాడే పెద్ద పట్టు దగ్గరకు తాడు పట్టుకుని దిగాలి. పైన ఆ తాడు పట్టుకునేది సొంత అన్నదమ్ములు కాదట, బావమరిది! అక్కచెల్లెలి పసుపుకుంకుమలు నిలవాలని ఆయన తాడు వదలడన్నది చెంచుల్లో చెప్పుకునే మాట. ఇందులో మంత్రం ఏమైనా ఉందంటే అది ఇదే, నమ్మకం ఎవరి మీద పెట్టాలో తెలియడం. తేనె, తపసి బంక, కుంకుడు కాయల్లాంటివి గిరిజన సహకార సంస్థ కొంటుంది. 1956 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సంస్థ అది.

చెంచుల దేవుళ్లను ఊళ్లవాళ్లు వేరుగా చూస్తారనుకుంటే పొరపాటే. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్య అంటారు. అహోబిలం నరసింహస్వామి పెళ్లాడింది చెంచులక్ష్మిని. చెంచు అల్లుడంటూ దేవుడికి దండం పెట్టి, చెంచు ముసలమ్మ చేతిలో వేరుముక్క చూసి భయపడటం ఏ లాజిక్కో మరి.

తండాల్లో సీత్ల, తీజ్

సుగాలీలది ఇంకో దారి. బంజారాలు, లంబాడీలు అని కూడా పిలుస్తారు. ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగినవాళ్లు. అందుకే పశువు బాగుంటేనే బతుకు బాగుండేది. వానాకాలం మొదట్లో చేసే సీత్ల భవానీ పండుగ ఆ పశువుల కోసమే. తండా బయట రాళ్లు నిలబెట్టి ఏడుగురు అమ్మవార్లుగా కొలుస్తారు. మొక్కు చెల్లించి పశువులను అటుగా దాటిస్తారు. రోగాలు రాకూడదని, గడ్డి బాగా మొలవాలని కోరిక.

తర్వాత శ్రావణంలో తీజ్. పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. మొలకలు ఎంత ఏపుగా వస్తే అంత మంచిదని సంబరం. ఆఖరి రోజు వాటిని నీళ్లలో కలుపుతారు. నేల, నీరు, విత్తనం, పాట. రీల్స్‌లో ‘ప్రకృతితో కనెక్ట్ అవ్వండి’ అంటూ వేలకు వేలు తీసుకుని చెప్పే కోర్సుల్లో ఉండేది కూడా ఇంచుమించు ఇదే! తండాలో ఫీజు లేదు, బావి దగ్గర వంతు మాత్రం ఉంటుంది.

వాన రాకపోతే..

బొల్లాపల్లి వైపు నీళ్లంటేనే పెద్ద కథ. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు ఇక్కడ మామూలే. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం గురించి ఏళ్ల తరబడి వింటూనే ఉన్నారు. తొలి దశకు 2023 నవంబర్‌లో శంకుస్థాపన జరిగింది. గోదావరి నీళ్లను బనకచర్లకు తీసుకెళ్లే ప్రతిపాదనలో బొల్లాపల్లి దగ్గర ఓ భారీ రిజర్వాయర్ కూడా ఉంది. అది కడితే నీళ్లొస్తాయన్న ఆశ ఓవైపు, అడవి, ఊళ్లు మునుగుతాయేమోనన్న భయం ఇంకోవైపు.

ఇలాంటి మెట్ట ప్రాంతాల్లో వాన కోసం చేసే పనులు తెలుగునాట చాలానే ఉన్నాయి. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, పిల్లలు ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోస్తారు. అదే కప్పతల్లి. కొన్నిచోట్ల కప్పల పెళ్లి చేస్తారు. వరద పాశం అని ఇంకోటి ఉంది. శుభ్రంగా కడిగిన బండ మీద పాయసం పోసి, చేయి తగలకుండా నాలుకతో నాకుతారు. ఊరు మొత్తం ఒకేసారి వంగి దేవుడిని వేడుకోవడం అది. గుళ్లో విరాటపర్వం చదివిస్తే వాన కురుస్తుందన్న నమ్మకం సరేసరి.

వీటితో వాన పడుతుందా? పడదు. నైరుతి రుతుపవనాలకు మన కప్పతో సంబంధం లేదు. తొలకరికి ముందు చేసే పని కాబట్టి నాలుగు రోజులకో, పది రోజులకో ఎలాగూ చినుకు పడుతుంది, ఆ క్రెడిట్ కప్పకు వెళుతుంది. అయితే దీనివల్ల ఏ మనిషికీ హాని లేదు. పాపం, కప్పకు మాత్రం కాస్త ఇబ్బందే. కానీ వాన రాకపోవడానికి ‘ఫలానా ఆమె ఆపేసింది’ అన్న మాట పుట్టిన రోజున కథ మారిపోతుంది.

పసరు: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చంపేస్తుంది?

అసలు చర్చంతా ఇక్కడే ఉంది. ఆకు పసరు ఇచ్చేవాళ్లను ఊళ్లలో గౌరవంగానే చూస్తారు. నొప్పులకు నల్లేరు, దగ్గుకు తులసి, జ్వరానికి తిప్పతీగ, కామెర్లకు నేల ఉసిరి.. ఇవి మన అమ్మమ్మల నోట్లో ఆడే పేర్లే. కాన్పు చేసే ఆవిడను ‘మంత్రసాని’ అన్నారు. మాటలో మంత్రం ఉన్నా ఆమెకు ఎవరూ భయపడలేదు, పైగా చీర, సారె పెట్టి పంపారు.

కొన్ని పద్ధతుల వెనుక పనికొచ్చే సంగతి కూడా ఉంది. అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కడతారు. ఆ గుర్తు చూసి బయటివాళ్లు లోపలికి రారు. రోగిని విడిగా పడుకోబెడతారు. పేరు పోలేరమ్మదైనా జరిగే పని ఐసొలేషన్. మశూచి పీడ మన దేశం నుంచి పోయింది మాత్రం వేపతో కాదు, టీకాతో. 1977లో భారత్‌ను మశూచి లేని దేశంగా ప్రకటించారు.

కామెర్ల విషయంలో పసరుకు అంత పేరెందుకు వచ్చింది? కలుషిత నీటితో వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఈలోపు తాగిన పసరుకు పేరు దక్కుతుంది. కానీ లివర్ పాడై వచ్చిన కామెర్లయినా, రాయి అడ్డుపడి వచ్చినవైనా పసరు తాగుతూ కూర్చుంటే చేయి దాటిపోతుంది. చేతి మీద వాతలు పెట్టడం వల్ల అదనంగా ఓ పుండు తప్ప ఏమీ రాదు.

పాముకాటుకు మంత్రం వేసేవాళ్ల సంగతీ ఇంతే. మన చుట్టూ తిరిగే పాముల్లో చాలావాటికి విషం లేదు. విషం ఉన్న పాము కరిచినా ఒక్కోసారి విషం దిగదు. అలాంటి కేసుల్లో మంత్రం ‘పనిచేస్తుంది’. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి.. ఈ నాలుగింట్లో ఏది సరిగ్గా కాటేసినా యాంటీ వెనమ్ ఇంజెక్షన్ తప్ప దారి లేదు. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదు. పొద్దున్నే కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం చూసి ‘ఎవరో ఏదో చేశారు’ అనుకునే ప్రమాదం ఉంది. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం అసలు చేయొద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ కొట్టాలి.

కుక్క కరిస్తే నాటుమందు మింగి ఊరుకోవడం ఇంకా ఘోరం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

ఇంకో విషయం. మూలికల మోజు పెరిగేకొద్దీ అడవికీ దెబ్బే. నన్నారి షర్బత్‌కు వాడే మారేడు గడ్డలు నల్లమలలో చెంచులు తవ్వి తెచ్చేవే. గడ్డ మొత్తం లాగేస్తే తీగ చచ్చిపోతుంది. కొంత వేరు వదిలి మట్టి కప్పితే మళ్లీ ఊరుతుంది. డిమాండ్ పెరిగినకొద్దీ ఆ ఓపిక ఎవరికీ ఉండదు. అమెరికాలోనూ ఇదే జరిగింది. రీల్స్ పుణ్యమా అని పొగ వేసుకునే తెల్ల సేజ్ మొక్కకు గిరాకీ పెరిగి, కాలిఫోర్నియా కొండల్లో దొంగతనంగా కోసుకుపోతున్నారు. అక్కడి ఆదివాసీలు మా పూజ మొక్కను మాకే లేకుండా చేశారని మొత్తుకుంటున్నారు.

అపవాదు ఎలా పుడుతుంది?

చేతబడి, చిల్లంగి, బాణామతి.. పేర్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి. తెలంగాణలో బాణామతి, గోదావరి ఏజెన్సీ వైపు చిల్లంగి, పల్నాడులో ఎక్కువగా చేతబడి. బొమ్మ, నిమ్మకాయ, వెంట్రుకలు, బూడిద లాంటి వాటితో దూరం నుంచే మనిషికి కీడు చేయొచ్చన్న నమ్మకం అది. దానికి ఆధారం ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.

అపవాదు మాత్రం ఓ పద్ధతి ప్రకారమే పుడుతుంది. ముందు ఇంట్లో జబ్బు. బిడ్డకు మూర్ఛ, ఇంటాయనకు కడుపు నొప్పి, గేదె చనిపోవడం. ఆస్పత్రిలో సరైన జవాబు దొరకదు, లేదా ఆస్పత్రి దాకా వెళ్లరు. తర్వాత భూతవైద్యుడు ‘మీకు దగ్గరివాళ్లే, మీ ఇంటికి ఫలానా దిక్కున ఉంటారు’ అంటాడు. పేరు చెప్పడు. పేరు ఇంట్లోవాళ్లే పూరిస్తారు. ఆ పేరు తరచూ ఎవరిదో చూడండి. భర్త పోయి ఒంటరిగా ఉన్న ఆవిడ, పొలం గట్టు తగాదా ఉన్న చిన్నాన్న, అప్పు అడిగిన పక్కింటాయన, పసరు ఇచ్చే ముసలాయన. మందు ఇచ్చేవాడికి విషం కూడా తెలుసుంటుందన్న అనుమానమే ఇక్కడ నాటువైద్యులకు ఉచ్చవుతుంది.

తెలంగాణలో బాణామతి పేరుతో మనుషుల పళ్లు రాలగొట్టిన ఘటనలున్నాయి. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకలేరన్నది వాళ్ల లెక్క. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో 2021లో దేశవ్యాప్తంగా 68 హత్యలకు మంత్రవిద్య అనుమానం కారణమని తేలింది. ఛత్తీస్‌గఢ్ 20, మధ్యప్రదేశ్ 18, ఆ వెంటనే తెలంగాణ 11. 2022లో దేశం మొత్తం సంఖ్య 85కి పెరిగింది. ఇవి హత్యలు మాత్రమే. వెలివేతలు, కొట్టడాలు, ఊరు వదిలి పారిపోవడాలు ఈ లెక్కలో లేవు.

ఇదంతా అడవిలో, చదువు లేనివాళ్ల దగ్గరే అనుకుంటే 2021 జనవరిలో మదనపల్లెలో జరిగింది గుర్తు తెచ్చుకోవాలి. ఎదిగిన ఇద్దరు కూతుళ్లను మళ్లీ బతికి వస్తారన్న నమ్మకంతో చంపారన్న ఆరోపణపై అరెస్టయిన తల్లిదండ్రులు ఇద్దరూ పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లే.

ఊళ్లలో ఈ భయాన్ని తగ్గించే పని కొందరు చాలాకాలంగా చేస్తున్నారు. గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు 1980ల్లో మెదక్ వైపు బాణామతి ఊళ్లకు డాక్టర్లతో కలిసి వెళ్లారు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు నిప్పుల మీద నడవడం, నిమ్మకాయలోంచి రక్తం రప్పించడం లాంటివి జనం ముందే చేసి చూపించి, దాని వెనుక కిటుకు చెబుతుంటారు. నిమ్మకాయ కోసే కత్తికి ముందే రసాయనం పూసి ఉంటుంది. పులుపు తగలగానే ఎర్రబడుతుంది. అంతే!

చట్టం ఏం చెబుతోంది?

బిహార్ 1999లోనే ప్రత్యేక చట్టం చేసింది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, రాజస్థాన్, అస్సాం తర్వాత అదే దారి పట్టాయి. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో కాల్చి చంపాక, అదే ఏడాది మూఢనమ్మకాల నిరోధక చట్టం వచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

మరి ఇక్కడ ఏ కేసు పెడతారు? కొడితే కొట్టినందుకు, బెదిరిస్తే బెదిరించినందుకు, చంపితే హత్య కింద భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు వర్తిస్తాయి. 2024 జులై 1 నుంచి ఇదే అమల్లో ఉంది. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి మూకగా చంపితే 103(2) సెక్షన్ ఉంది. ఇది వర్తిస్తుందా లేదా అన్నది ఆ హత్యకు కారణం ఏంటన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ ఇవన్నీ దెబ్బ పడ్డాక పనికొచ్చేవి. ఊరంతా కూర్చుని ‘ఈమె మంత్రగత్తె’ అని ముద్ర వేసిన దశలోనే ఆపే సెక్షన్ వీటిలో లేదు. పరువు నష్టం ఉంది కదా అంటే, రోజు కూలికి వెళ్లే మనిషి కోర్టుకు వెళ్లి పరువు నష్టం కేసు నడుపుతుందా?

బొల్లాపల్లి లాంటి మండలానికి బాగా పనికొచ్చే సెక్షన్ ఒకటుంది, దాని గురించి తెలిసినవాళ్లే తక్కువ. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణలో సెక్షన్ 3(1)(జెడ్‌బీ) చేర్చారు. మంత్రవిద్య చేస్తున్నారనో, మంత్రగత్తె అనో ఆరోపించి ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి శారీరక హాని గానీ, మానసిక క్షోభ గానీ కలిగిస్తే నేరం. ‘మానసిక క్షోభ’ అన్న మాట గమనించాలి. అంటే చేయి పడక్కర్లేదు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. ఏపీలో చెంచులు, సుగాలీలు ఇద్దరూ ఎస్టీలే కాబట్టి వాళ్లకు ఇది వర్తిస్తుంది.

అయితే ఇందులోనే పెద్ద చిక్కుంది. అపవాదు వేసినవాళ్లు ఎస్సీ, ఎస్టీలు కాకపోతేనే ఈ చట్టం పనిచేస్తుంది. గూడెంలో చెంచు ఆవిడ మీద మరో చెంచు, తండాలో సుగాలి ముసలాయన మీద సొంత అన్నదమ్ముల పిల్లలు అపవాదు వేస్తే ఈ సెక్షన్ కింద కేసు నిలవదు. చేతబడి అనుమానాలు ఎక్కువగా పుట్టేదేమో బంధువులు, పక్కింటివాళ్ల మధ్యే. బీసీ, ఓసీ కుటుంబాల్లోని వితంతువులకు కూడా దీనితో రక్షణ లేదు. ప్రత్యేక చట్టం కావాలని హేతువాద సంఘాలు అడుగుతున్నది ఇందుకే. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి కూడా మంత్రవిద్య ఆరోపణల పేరిట జరిగే హింసను ఆపాలని 2021 జులైలో తీర్మానం చేసింది.

వైద్యం చేస్తామని డబ్బులు గుంజే బాబాల సంగతి వేరు. తాయెత్తులు, మంత్రాలతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. పోస్టర్ అయినా, కరపత్రం అయినా ప్రకటన కిందే లెక్క. మొక్కుకోవడం, చెట్టుకు పసుపు రాయడం, తీజ్ మొలకలు పెంచడం, గారెల మైసమ్మకు కోడిని కోయడం మాత్రం ఏ మంత్రవిద్య చట్టం కిందకూ రావు.

ఎవరికి ఫోన్ చేయాలి?

ఎవరి మీదైనా చేతబడి ముద్ర వేసి గుమిగూడుతుంటే వెంటనే 112కు ఫోన్ చేయాలి. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల నిరోధక హెల్ప్‌లైన్ 14566 కూడా ఉంది. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేనివాళ్లు ఉచిత న్యాయ సాయం కోసం 15100కు చేయొచ్చు. ఫిర్యాదులో ‘గొడవ జరిగింది’ అని కాకుండా, ఏ రోజు, ఎవరి ముందు, ఏ మాట అని అపవాదు వేశారో స్పష్టంగా రాయించాలి. జెడ్‌బీ సెక్షన్ కింద కేసు నిలబడాలంటే ఆ మాటే కీలకం. ఇంట్లో ఎవరైనా తమలో తామే మాట్లాడుకుంటున్నా, ఎవరో పూనారని అంటున్నా టెలీమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు, ఫోన్ చేసినందుకు డబ్బులేమీ ఉండవు. పాముకాటు, కుక్కకాటు, మూర్ఛ అయితే ముందు 108.